ఉప్పు చల్లిన కాగితాలు

మా విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, గోడ మీది చెమ్మ చూసి నాకే సలహాలు చెప్పి, వెళ్ళే ముందు ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, మీ సర్వీసులో మీరు కాపాడిన వాటిల్లో గొప్పది ఏది?" ఏ తాళపత్రమో, ఏ రాజుగారి దానపత్రమో చెప్పి వాళ్ళను సంతోషపెట్టాలని నాకూ ఉంటుంది. కానీ నాకు గుర్తొచ్చేది వాకాడు వైపు సముద్రం ఒడ్డున, ఒక చర్చి వసారాలో దక్కిన ఒక కాగితం. దాని కోసం ఇంకో కాగితాన్ని చేజేతులా పోగొట్టాను. ఎదురుగా చెబితే పిల్లల మొహాలు చిన్నబోతాయి. రాస్తే ఆ మొహాలు నాకు కనబడవు, అందుకని రాస్తున్నాను.

నా పని పాత కాగితాల మరమ్మతు. చిరిగినవి అతకడం, పురుగు తిన్నచోట నింపడం, తడిసినవి ఆరబెట్టడం. బంధువులు నన్ను కాగితాల డాక్టరమ్మ అని ఎగతాళి చేసేవాళ్ళు. డాక్టరుకు ఉండాల్సిన ఓర్పు మాత్రం నాకు దేవుడు ఇవ్వలేదు. నా నోరు ఎప్పుడూ నా బుర్ర కంటే ముందు పరుగెత్తుతుంది. ఈ కథలో కూడా అదే జరిగింది.

ఆ చర్చి ఉన్న బెస్త పాలెంలో ఎప్పుడో ఒక కథోలిక గురువు ఉండేవాడు. ఐరోపా మనిషి. వయసులో ఉండగా వచ్చి, అక్కడే ముసలివాడై, చర్చి వెనకే సమాధి అయ్యాడు. బెస్తవాళ్ళు ఆయన్ని దొర సామి అనేవాళ్ళట. ఆయన మాట విని మతం పుచ్చుకున్నవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందువల్ల ఆయన పైవాళ్ళు ఆయన్ని దండగ మనిషి కింద జమకట్టారు. మరి ఇన్నేళ్ళూ ఏం చేశాడయ్యా అంటే, ఒడ్డున తిరగేసిన తెప్పల మీద కూర్చుని రాశాడు. వల ఎలా అల్లుతారు, కొత్త పడవను నీళ్ళలోకి తోసేటప్పుడు ఏమంటారు, గంగమ్మకు ఏం పెడతారు, వేటకు పోయినవాడు తిరిగి రాకపోతే ఆడవాళ్ళు ఎలా ఏడుస్తారు. ఎవరు చెప్పారో వాళ్ళ పేరు కాగితం పైన వేసి, వాళ్ళ మాట వాళ్ళ మాటగానే, గుండ్రటి పిల్లల తెలుగు అక్షరాల్లో రాశాడు.

గంగమ్మ జాతర గురించి ఒక ఫాదరు అంత రాస్తే దాచుకుని మురిసేవాళ్ళు ఎవరు? ఆ కాగితాలు చర్చి వెనక గదిలో ట్రంకు పెట్టెల్లో పడి ఉన్నాయి. బుచ్చిరెడ్డిపాలెం వైపు నుంచి ఆ చర్చికి కొత్తగా వచ్చిన ఫాదర్ గారు వాటిని తెరిచి చదివి, ఉండబట్టలేక మాకు కబురు పెట్టాడు. మేము వెళ్ళి చూశాం. కాగితం పండుటాకులా ఉంది కానీ ప్రాణం ఉంది. ఎండలు ఉండగానే నెల్లూరులో మా ఆఫీసుకు తరలిద్దామని నేను మొత్తుకున్నాను. దానికి ఫైలు కావాలన్నారు. ఫైలు నడుస్తూ ఉండగా తుపాను పరుగెత్తుకొచ్చింది.

తుపాను సంగతికి ముందు ఇంకొక మనిషి గురించి చెప్పాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు చర్చి వసారా ఊడుస్తూ ఒకామె కనబడింది. నా ఈడుదే. నుదుట రూపాయంత బొట్టు. ఎండు చేపల వ్యాపారం చేసుకునే మనిషి, జాతరకు మొదటి కుండ ఎత్తే ఇంటి ఆడపడుచు. ఆమెకు చర్చితో ఏం పని అని అడిగాను.

"మా యమ్మ ఈ పెట్టిలో ఉండాదమ్మా" అంది.

తర్వాత చీపురు గోడకు ఆనించి, కొంగు నడుముకు చుట్టి చెప్పింది. ఆమె తల్లికి ఒక పాట వచ్చట. జాతర అయిన తెల్లారి పడవలు కదిలేటప్పుడు నీళ్ళలో నిలబడి పాడే పాట. ఆ పాట పూర్తిగా వచ్చినది ఆమెకొక్కదానికే. ఆ తల్లి ఒక తుపానులో పోయింది. అప్పటికి ఈమెకు ఇంకా పెళ్ళి కూడా కాలేదు. ఒక్క ఫొటో లేదు, పాటలో మొదటి ముక్క తప్ప ఇంకేమీ గుర్తు లేదు.

"దొర సామి మా యమ్మ పక్కన కూర్చోని మజ్జానమంతా రాసినాడు. నేను కళ్ళారా చూసినా. ఆ పెన్సిలు ఎత్తుకోని నోట్లో పెట్టుకుంటే నా నాలిక వంగపండు రంగైపోయె. మా యమ్మ ఈపు పగలగొట్టింది. ఆ పాట దీంట్లోనే ఉంటది. మీరు బాగు చేసినాక ఒక్క తూరి చదివి వినిపించండమ్మా, సాలు."

ఆ పెన్సిళ్ళు నాకు తెలుసు. తడిపితే సిరాలా వంగపండు రంగులో రాసే పాతకాలపు పెన్సిళ్ళు. నిజంగానే ఒక కట్ట అంతా ఆ రంగులో ఉంది. తప్పకుండా చదువుతానక్కా అని మాట ఇచ్చేశాను. మాటకేం, మనదేం పోతుంది అనుకునే రోజులు.

తుపాను తీరం దాటిన మర్నాడు ఫాదర్ గారి ఫోను. ఉప్పెన నీళ్ళు చర్చిలోకి వచ్చాయట. ట్రంకు పెట్టెలను పీఠం మీదికి ఎక్కించేలోపే అవి మునిగాయి. నేనూ, మా రసాయనాల మనిషీ వ్యాను వేసుకుని బయలుదేరాం. ఆయన మా విభాగంలో సీనియరు, ఏ కాగితం మీదైనా ఏ చుక్క వేయవచ్చో తేల్చేది ఆయనే. చుక్క వేసే ముందు ముగ్గురు దేవుళ్ళకు దండం పెట్టుకునే రకం. దారంతా కూలిన చెట్లు, తెగిన తీగలు. రెండో దఫా వాన సాయంత్రానికి ఉందని రేడియో చెబుతూనే ఉంది.

పిల్లలూ, మీకు తెలిసిందే అయినా మిగతావాళ్ళ కోసం ఒక ముక్క. తడిసిన కాగితానికి పెద్ద శత్రువు నీళ్ళు కాదు, బూజు. రెండు రోజులు దాటనిస్తే మొదలవుతుంది. అన్నింటినీ ఒకేసారి ఆరబెట్టడం ఎవరి తరమూ కాదు కాబట్టి, ఉన్నవి ఉన్నట్టు గడ్డకట్టించి, తర్వాత తీరిగ్గా ఒక్కొక్కటీ ఆరబెట్టుకోవాలి. మా ఆఫీసులో గడ్డకట్టించే యంత్రం ఏది? క్యాంటీన్‌లో ఒక ఫ్రిజ్జు ఉండేది, దాంట్లో పాలే విరిగేవి. కానీ దేవుడు ఈ తీరానికి రొయ్యల్ని ఇచ్చాడు. వచ్చే దారిలోనే ఒక రొయ్యల ఫ్యాక్టరీ ముందు వ్యాను ఆపించి మేనేజర్ని పట్టుకున్నాను.

"కాగితాలకు ఫ్రీజరేందమ్మా, వింటే నవ్వుతారు" అన్నాడాయన. కళ్ళ కింద నల్లగా ఉంది, నిద్ర లేదు. "కరెంటు లేదు, జనరేటరు మీద నడస్తుండాది. రైతులు సరుకు తెచ్చి గేటు కాడ నిలబడి ఉండారు. వాళ్ళకు ఏం చెప్పాల?"

"నవ్వనీండి సార్. మీ రొయ్య ఎట్ట కుళ్ళకుండా ఉంటదో ఇదీ అట్టే ఉంటది. ఒక్క మూల ఇవ్వండి."

గేటు వైపు చూసి తల గోక్కున్నాడు. "మా సరుకు ట్రేలలోనే సర్దుకోని, సాయంత్రం లోపల తెస్తే ఇస్తా. మూసినాక మాత్రం ఎవురొచ్చినా తలుపు తియ్యను. చల్లదనం పోతే రైతు మునిగిపోతాడు."

చర్చి చేరేసరికి నీళ్ళు తీసి ఉన్నాయి. నేలంతా బురద, ఇసుక. పైకప్పు పెంకులు సగం లేచిపోయి వసారా ఒక్కటే మిగిలింది. ఫాదర్ గారు మోకాళ్ళ దాకా బురదతో పెట్టెలకు కాపలా ఉన్నాడు. తెరిచాం. కాగితాలు నానిన అటుకుల్లా ఉన్నాయి, కానీ సిరా నిలిచింది. ట్రేలలోకి సర్దుతూ ఉండగా నాకు అనుమానం వచ్చింది. వంగపండు రంగు కట్ట లేదు.

"అది వసారా ఊడ్చే అక్క తీసుకుపోయింది మేడమ్ గారూ" అన్నాడు ఫాదర్ గారు. "నీళ్ళు నడుము దాకా వచ్చినప్పుడు లోపలికి వచ్చి, పై పెట్టెలోంచి ఆ ఒక్క కట్టా లాగి నెత్తిన పెట్టుకుని పోయింది."

పరుగెత్తాను. ఆమె ఇల్లు చర్చికి అవతలే. ఇంటి ముందు చేపలు ఆరబెట్టే తడిక మీద, టార్పాలిన్ కింద ఆ కట్ట ఉంది. విప్పి నాలుగు భాగాలు చేసి, నెత్తళ్ళ చేపలకు చల్లినట్టు మధ్య మధ్య రాళ్ళ ఉప్పు చల్లి ఉంది. పక్కన కూర్చుని ఆమె ఈగలు తోలుతోంది.

ఆ క్షణంలో నేనేమన్నానో పూర్తిగా రాయను. "ఎవరు చల్లమన్నారు ఉప్పు? చదువుకోకపోతే పోనీ, అడిగి ఏడవచ్చు కదా!" అన్నది అందులో మర్యాదైన ముక్క.

ఆమె లేచి నిలబడింది. భయం కంటే ఆశ్చర్యం ఎక్కువ కనబడింది ఆ మొహంలో. "ఉప్పేస్తే ఏదైనా నిలస్తది గదమ్మా. చేప నిలస్తది, మామిడికాయ నిలస్తది. మాకు తెలిసింది అదే. నా ఇంట్లో బియ్యం డబ్బా కొట్టుకపోయింది. దీన్ని మాత్రం తడవనీలా."

నిజమే, ఆ ఇంట్లో పొయ్యి కూడా లేదు. ఇసుక మేట వేసిన గదిలో చాప ఒకటి గోడకు అతుక్కుని ఉంది. అక్కడే నిలబడి క్షమించమని అడిగాను. ఆమె అది విననట్టే, "పాడైపోయిందా?" అంది.

పాడవుతోంది. ఉప్పు గాలిలో తేమను పిలిచి కాగితం మీద కూర్చోబెడుతుంది. ఆ తేమకు వంగపండు రంగు కరిగి పాకుతుంది. మా రసాయనాల మనిషి దండం పెట్టుకుని ఒక మూల మంచినీటి చుక్క వేసి, అద్దుడు కాగితం ఆనించి తీశాడు. అక్షరం అక్షరంగా దాని మీదికి వచ్చేసింది. "కడిగితే రాత పోతుంది. కడక్కపోతే ఉప్పు తినేస్తుంది" అన్నాడు. ఫ్రీజరుకు పంపుదామంటే, సముద్రపు నీటి ఉప్పు వేరు, ఇంత రాళ్ళ ఉప్పు పట్టినది అంత సులభంగా గడ్డకట్టదు. ఐస్‌లో ఉప్పు ఎందుకు వేస్తారో కుల్ఫీ అమ్మేవాణ్ణి అడగండి. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ రోజు నాకు బాగా తెలిసింది.

దక్షిణం వైపు ఆకాశం నల్లబడుతోంది. పెట్టెలన్నీ ఫ్యాక్టరీ గేటు మూసేలోపు చేరాలి. వ్యాను ఒక్కటే.

"మీరు వెళ్ళండి" అన్నాను రసాయనాల మనిషితో. "ఈ కట్ట నేను చూస్తాను."

"ఒక్క కట్ట కోసమా మేడమ్? మిగతా అంతా ట్రేలలో పెట్టుకుని దీని కోసం మీరు ఆగిపోతే..."

"వెళ్ళండయ్యా, వానొస్తే దారిలో వాగు దాటలేరు!"

ఆయన కోపంగానే వెళ్ళాడు. అద్దుడు కాగితాలు చాలా వరకు ట్రేలకే అయిపోయాయి. నాకు మిగిలినవి ఒక కుంచె, కాగితాలు విడదీసే పలుచటి ఎముక బద్ద, ఫోను. చేయగలిగింది ఒక్కటే. పొడి కుంచెతో ఉప్పు దులిపి, కాగితాలను విడదీసి, గుడ్డల మధ్య అదిమి తేమ పీల్పించి, రాత పాకిపోయేలోపే ఒక్కొక్కటీ ఫొటో తీయడం. గుడ్డలు ఏవి? అక్క దూలం మీద దాచిన మూట విప్పింది. ఉతికి ఉతికి మెత్తబడిన నూలు చీరలు. అడగకముందే చింపింది.

వసారాలో బల్ల వేసుకుని మొదలుపెట్టాం. నేను విడదీయడం, ఆమె అదమడం, ఫాదర్ గారు గొడుగు పట్టుకుని గాలికి అడ్డంగా నిలబడడం. పైన పేరు చూసి చదివేదాన్ని. ప్రతిసారీ ఆమె చెయ్యి ఆగేది.

"వచ్చిందా?"

"ఇంకా లేదక్కా."

కొన్ని విడదీసేలోపే చిరిగాయి. కొన్నింటి మీద రాత వంగపండు రంగు మబ్బుగా మారిపోయింది. గాలి పెరిగింది. మొదటి చినుకులు పెంకుల్లేని చోట నేల మీద టపటపమన్నాయి. కట్ట అడుగున రెండు కాగితాలు ముఖాముఖి అతుక్కుని ఉన్నాయి. అంచులు కొంచెం తెరుచుకుని, రెండింటి పైన రాసింది కనబడుతోంది. ఒకదాని మీద గాలుల పేర్లు. మరోదాని మీద అక్క చెప్పిన ఆమె తల్లి పేరు.

గాలుల పేర్ల విలువ నాకు తెలుసు. ఏ వేళ ఏ దిక్కు నుంచి వీచే గాలిని ఈ తీరంలో ఏమంటారో, ఏ గాలికి పడవ తిప్పుకోవాలో. ఇప్పుడు అందరూ ఫోనులో వాతావరణం చూస్తారు, ఆ పేర్లు సగం మంది మరిచిపోయారు. దాని కోసం పండితులు ఎదురుచూస్తున్నారు. కానీ అతుక్కున్న ఆ రెండూ విడిపోవాలంటే ఒకదాన్ని వెనక నుంచి తడపాలి. తడిపినదాని రాత చెదిరిపోతుంది. రెండోది దక్కుతుంది. ఆలోచించుకునే తీరిక లేదు, రంగు అంచుల నుంచి పాకుతూనే ఉంది.

అక్కకు ఉన్నదున్నట్టు చెప్పాను. రెండింట్లో ఒకటే.

"రెండోది ఏంది?"

"గాలుల పేర్లు. మీ పెద్దవాళ్ళు చెప్పినవి."

ఆమె సముద్రం వైపు చూసింది. ఆ గాలుల్లోనే ఆమె తల్లి పోయింది, ఆమె మొగుడు ఇన్నాళ్ళూ తిరిగొచ్చాడు. ఫాదర్ గారు గొడుగు ఇంకో చేతికి మార్చుకుని నావైపు చూశాడు.

"గాలులు మళ్ళా వస్తాయమ్మా" అంది చివరికి. "మా యమ్మ రాదు."

ఉద్యోగ ధర్మం ఏమంటుందో నాకు తెలుసు. ఒక ఇంటి పాట కంటే ఊళ్ళన్నిటి గాలులు పెద్దవి. అయినా నేను గాలుల కాగితం వెనక తడిగుడ్డ అద్దాను. బద్ద లోపలికి పోనిచ్చి మెల్లగా లాగాను. గాలుల కాగితం మీద రాత కళ్ళ ముందే కరిగి వంగపండు రంగు మరక అయింది. రెండోది విడివడి వచ్చింది. అక్కడక్కడ మచ్చలున్నా చదవడానికి వీలుగానే ఉంది.

వాన కుండపోతగా మొదలైంది. ఫొటో తీశాను. అక్క బల్ల అంచు గట్టిగా పట్టుకుని, "చదువమ్మా" అంది.

మొదటి వరుస చదువుకుని ఆగిపోయాను. ఆమె ఇంకోసారి అడిగింది. చదివాను. దొర సామి రాసింది ఇది:

"ఈమె పాట ఇవ్వలేదు. మధ్యాహ్నమంతా అడిగితిని. ఈమె అన్నది: సామీ, ఆ పాట గంగమ్మది. ఆ తల్లి వినేదాన్ని నువ్వు కాగితంలో పెట్టుకోని పోతే ఆమెకేం మిగుల్తది? ఊరికే కూర్చోని గీకబాక. వల పట్టుకో, లేదంటే లెయ్. నేను వల పట్టుకొంటిని. సాయంకాలము వరకు పట్టుకొంటిని. నా ముడి చూసి నవ్వినది. ఈమె కూతురు నా పెన్సిలు నాకి ఈ గీత గీసినది."

ఆ మాటల కింద, మూలగా, పిల్లలు గీసే వంకర గీత ఒకటి ఉంది.

పాట లేదు. బియ్యం డబ్బా పోయినా వదలని కట్టలో, గాలులన్నిటినీ పోగొట్టి తీసిన కాగితంలో, పాట లేదు. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే కళ్ళు తుడుచుకున్నాను. ఆమె మొహం చూడడానికి ధైర్యం చాలలేదు.

అక్క నవ్వింది. మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, తర్వాత అడ్డం తీసేసి, వాన చప్పుడును మించి నవ్వింది. "ఇయ్యలా! చూసినారా ఫాదరూ, మా యమ్మ ఇయ్యలా! దొర అడిగినా ఇయ్యలా! గీకబాక అన్నింది చూడు, అచ్చం మా యమ్మే. అట్టనే తిడతా ఉండె నన్ను." నవ్వుతూనే కళ్ళు ధారలు కట్టాయి. ఆ వంకర గీత మీద, తగలకుండా, వేలు అటూ ఇటూ ఆడించింది.

కాసేపటికి ఆ తడి గాలిలో, తనకు గుర్తున్న ఆ మొదటి ముక్క సన్నగా పాడింది. ఒక్క చరణం. పాత అలవాటు కొద్దీ నా చెయ్యి జేబులోని పెన్సిలు మీదికి పోయింది. ఆమె పాట ఆపింది. నా చెయ్యి వైపు చూసింది. పెన్సిలు బల్ల మీద పెట్టి, తడి గుడ్డ రెండో కొస పట్టుకున్నాను. ఆమె మళ్ళీ మొదటి నుంచి పాడింది.

మిగతాది మామూలే. వ్యాను గేటు మూసేలోపే చేరింది. రసాయనాల మనిషి ట్రేలు రొయ్యల పక్కన సర్దించి, మేనేజరుకు సలాం చేసి వచ్చాడు. ఆ కాగితాలను తర్వాత నెలల తరబడి ఆరబెట్టాం. చాలావరకు దక్కాయి, వాటికి కొన్నాళ్ళు రొయ్యల వాసన ఉండేది. గాలుల పేర్ల కోసం వచ్చిన పండితులు నన్ను తిట్టిన తిట్లు కూడా దాచుకునేంత బావుంటాయి. వాళ్ళన్నదీ నిజమే.

జాబితాలో ఆ కాగితం ఎదురుగా మా పైఅధికారి "పాట లభ్యం కాలేదు" అని రాయమన్నాడు. నేను "పాట ఇవ్వలేదు" అని రాశాను. ఆయన కొట్టేశాడు. నేను మళ్ళీ రాశాను. రిటైరయ్యే రోజు ఒకసారి వెళ్ళి చూసుకున్నాను, నా రాతే ఉంది.

పోయిన నెల వచ్చిన పిల్లల్లో ఒకమ్మాయి ఎక్కడ విన్నదో విన్నది. టేపు రికార్డరు లాంటిది టీపాయ్ మీద పెట్టి, "మేడమ్, ఆ మొదటి చరణం మీకు గుర్తుందట కదా, ఆ అక్క కూడా ఇప్పుడు లేరట. మీరు చెప్పకపోతే అది ఇక..." అంది.

గుర్తుందమ్మా అన్నాను. ఆ యంత్రం ఆపేసి, కాఫీ చల్లారిపోతోంది తాగమన్నాను.